మొక్కల లెక్క గాదు, మన్ను లెక్క చెప్పుడు

తిరువూరు దాటి యుత్తరమునకు పోయినచో సత్తుపల్లి యొద్ద సింగరేణివారి ఓపెన్‌కాస్టు బొగ్గుగనులు గలవు. పైరులును అడవియు నుండిన నేల యచట గోతులును గుట్టలునై యున్నది. తెలంగాణ సోదరులు ఇట్టివానిని 'బొందలగడ్డ'లని పిలుచుచున్నారు. ఆ పేరు వినినంతనే వారి కడుపుకోత తెలియగలదు.

బొగ్గు వలదని మేమనుట లేదు. గవర్నరుపేట యంగళ్లలో దీపములు వెలుగవలయును, యంత్రములు తిరుగవలయును. కాని, వెలుగిచ్చిన గ్రామము తన నేలను శాశ్వతముగా కోలుపోవలయునా యని యడుగుచున్నాము.

సంస్థవారు గుట్టలపై మొక్కలు నాటి లెక్కలు చూపుదురు. నాటుట మంచిదే. అయితే గని నుండి తోడిపోసిన రాయియు నిసుకయు మన్ను గానేరవు. పైమన్నులో సూక్ష్మజీవులును, శిలీంధ్రములును, వానపాములును కాపురముండును. అంగుళము పైమన్ను ఏర్పడుటకు శతాబ్దములు పట్టును. దానిని రాతిచెత్తతో కలిపి పారవేయుట యొక్క దినపు పని. వేరుగా తీసినను, ఎత్తైన కుప్పగా నేండ్ల తరబడి యుంచినచో లోపల గాలి యాడక యందలి జీవము నశించును. అట్టి దిబ్బపై జామాయిలు మొలిచినంత మాత్రమున నేల బ్రదికినదనుట శవమునకు పూలదండ వేసి కుశల మడుగుట వంటిది.

నియమములు లేవా? కలవు. 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ ప్రతి గనికిని మూసివేత ప్రణాళిక యుండవలెననియు, ఓపెన్‌కాస్టు గనికి హెక్టారు 1కి 6 లక్షల రూపాయల లెక్కన ప్రత్యేక ఖాతాలో సొమ్ముంచవలెననియు విధించినది. 2020 జనవరి 8న సర్వోన్నత న్యాయస్థానము, తవ్విన భూమిలో మరల గడ్డి మొలిపించి, పశుగ్రాసమునకు దగినట్లు చేయవలెనను షరతును గనుల కౌళ్లలో చేర్చుమని కేంద్రమును ఆదేశించినది. న్యాయస్థాన మడిగినది పశువు మేయగల నేలను!

మన డెల్టా రైతు వరి కోసిన మడిలో పిల్లిపెసరయు, జనుమును చల్లుట తాతలనాటి నుండి యెరుగును. నేల నుండి తీసినదానిని నేలకీయవలెనను ధర్మ మాతనికి ఏ శాఖవారును నేర్పలేదు. ఆ పాటి ధర్మము గనుల యధికారులకు దుర్లభమా?

పైమన్నును వేరుగా తీసి, తక్కువ యెత్తున నుంచి, జాప్యము లేక చదును చేసిన నేలపై పరచుడు. పశువుల యెరువు తోలి, జనుము, జీలుగ చల్లి కలియదున్నుడు. ఏటేట మన్ను పరీక్షించి, సేంద్రియ కర్బన మెంత పెరిగినదో గ్రామసభలో చదివి వినిపింపుడు. ఆ యూరి రైతు పిడికెడు మన్ను చేతబట్టి 'ఇది పండును' అనువరకు ఖాతాలోని సొమ్ము పైసయు విడువరాదు.

సింగరేణిలో నూటికి 51 వంతులు తెలంగాణ ప్రభుత్వముది. 49 వంతులు కేంద్ర ప్రభుత్వముది. అనగా అది ప్రజల సంస్థ. కంచెయే చేను మేసినచో రైతు ఎవరితో మొరపెట్టుకొనును? బొగ్గు ఒకనాటికి తీరిపోవును. అన్నము పెట్టు నేల తరతరములకు కావలయును. తీసికొన్నవారే దానిని ప్రాణముతో మరల నప్పగింపవలయును.