సంతకం మనది, సరుకెవరిది?

మొన్న సెలవుల్లో నా దగ్గర ఎనిమిదో తరగతి దాకా చదివిన అబ్బాయి ఒకడు ఇంటికొచ్చాడు. ఇప్పుడు ట్యాంకరు డ్రైవరు. ఆటోనగర్‌లో ఒక ఓనరు దగ్గర బండి తోలతాడు. ఒక ట్రిప్పు ఆసిడ్, ఒక ట్రిప్పు కాస్టిక్ సోడా ద్రావణం. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, "మాస్టారూ, ఇందులో ఏం రాసుందో కాస్త చెప్పండి" అన్నాడు. అంతా ఇంగ్లీషు. కింద వాడి సంతకం. రెండేళ్ళుగా లోడుకొకటి చొప్పున పెడుతూనే ఉన్నాడట. ఈ సరుకుతో వచ్చే ప్రమాదాలన్నీ నాకు వివరించారు, ఒంటికి రక్షణ సామాన్లన్నీ నాకు ముట్టాయి అని ఆ కాగితం సారాంశం. "ఏమేం ఇచ్చార్రా?" అనడిగితే, "ఒక జత చేతితొడుగులు మాస్టారూ, అవీ పోయినేడాది" అన్నాడు.

మా నాన్న పాలేరు. ఆసామి బండి తోలాడు. బండిలో ఉన్నవి ఎవరి వడ్లో, ఎన్ని బస్తాలో, ఎక్కడ దించాలో ఆయనకు తెలుసు. అక్షరం రాకపోయినా తెలుసు. ఎనిమిది తరగతులు చదివిన ఈ పిల్లాడికి తన వీపు వెనక ఉన్నదేమిటో తెలియదు. బడిలో ఆమ్లాల పాఠం చెప్పింది నేనే. తప్పులో నా వాటా కూడా ఉంది.

ఆ సరుకు సంగతి కొంచెం చూద్దాం. గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ లీటరు కిలో ఎనిమిది వందల గ్రాముల పైచిలుకు తూగుతుంది. నీళ్ళకు దాదాపు రెట్టింపు. అందుకని పెద్ద ట్యాంకరైతే నిండా పోస్తే బండి మోయలేదు, వెలితిగా పోస్తారు. ఆ వెలితిలో ఆసిడ్ ఊగుతుంది. బ్రేకు వేస్తే ముందుకు తోస్తుంది, మలుపు తిప్పితే పక్కకు తోస్తుంది. పెద్ద రోడ్డు మీద సరే, బందరు కాలవ గట్టునో ఏలూరు కాలవ గట్టునో ఎదురుగా వడ్ల ట్రాక్టరొస్తే ఆ తోపుడేమిటో తోలినవాడికే ఎరుక. వాల్వు దగ్గర కారితే చేతికందిన బిందెడు నీళ్ళు పోద్దామనిపిస్తుంది. పోస్తే సలసల కాగి మొహాన చిందుతుంది. అదే ఒంటి మీద పడితే మాత్రం నీళ్ళే మందు, బిందెడు కాదు, ఆగకుండా ధారగా పోయాలి. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ప్రమాదకర సరుకు తోలే డ్రైవరుకు మూడు రోజుల శిక్షణ ఉండాలన్నాయి. ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలన్నాయి. తరగతి మొహం చూడకుండానే సర్టిఫికెట్టు చేతికొచ్చిందని నాతో చెప్పిన డ్రైవర్లున్నారు. 132వ నిబంధన ప్రకారం సరుకు వివరాలు డ్రైవరుకు రాసివ్వాల్సింది బండి ఓనరు. 133 ప్రకారం ఆ కాగితం క్యాబినులో పెట్టుకోవాల్సింది డ్రైవరు. బండి బోల్తాపడిందా, ఇంగ్లీషు కాగితం మీద తెలుగు సంతకం చూపిస్తారు. నేరం ఎవరి మెడకు చుట్టుకుంటుందో వేరే చెప్పాలా?

ఎనిమిది గంటల పని సంగతి కూడా అంతే. మోటారు కార్మికులకు 1961 చట్టం ఆ హద్దు గీసింది. ఆ చట్టం 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది, ఎనిమిది గంటల మాట అందులోనూ ఉంది. విశాఖ పోయి రావడానికి ఏడొందల కిలోమీటర్లు. బత్తా ట్రిప్పు లెక్కన ఇస్తే గంటలెవడు లెక్కపెడతాడు?

ఇక క్లీనరు. లోడు మారేటప్పుడు ట్యాంకు కడగాలి. ఎవరు దిగుతారు లోపలికి? మా పేట పిల్లాడే దిగుతాడు, ఇంకో పని దొరకలేదు కనక. లోపల గాలి ఉండదు, ఆవిరి ఉంటుంది. వాడు పడిపోతే లాగడానికి దిగినవాడూ పడిపోతాడు. మురుగు గుంటలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని రక్షణ లేకుండా దించకూడదని 2013లో చట్టం వచ్చింది. దానికోసం మనవాళ్ళు ఎన్నాళ్ళు కొట్లాడారో మీకు తెలుసు. ఆ చట్టం మురుగు గుంట దగ్గరే ఆగిపోయింది, కెమికల్ ట్యాంకరు దాకా రాలేదు. ఫ్యాక్టరీలో అయితే గాలి పరీక్ష చెయ్యకుండా, నడుముకు బెల్టు కట్టకుండా దించకూడదని 1948 చట్టం 36వ సెక్షనులోనే రాశారు. రోడ్డుపక్క షెడ్డును ఫ్యాక్టరీ అని ఎవరనుకుంటారు? గుంట మారింది, దిగేవాడు మారలేదు.

ఇది డ్రైవర్ల గొడవ, మనకెందుకు అనుకునే పల్లెవాళ్ళకొక మాట. డెల్టాలో మన ఇళ్ళు చాలాచోట్ల కాలవ గట్టు మీదో, రోడ్డు వారనో ఉన్నాయి. ఊరు లోపల చోటెవరిచ్చారు గనక! బోల్తాపడిన బండి మొదట వచ్చేది మన గడపలోకే. కాలవలో కలిస్తే ఆ నీళ్ళే చెరువుకెక్కించి తాగేది మనమే. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లో బహావల్‌పూర్ జిల్లాలో పెట్రోలు ట్యాంకరు బోల్తాపడితే బీదజనం బిందెలు, డబ్బాలు పట్టుకుని ఎగబడ్డారు. మంటలంటుకుని 200 మందికి పైగా కాలిపోయారు. మన దగ్గర బండి పడితే మనం మాత్రం పరిగెత్తమా?

అందుకని బండి మీదున్న బోర్డు చదవడం నేర్వాలి. రెండు పక్కలా, వెనకా ఆ బోర్డు ఉండాలని 134వ నిబంధన. నాలుగు అంకెలుంటాయి, అంకెలకు ఇంగ్లీషు అక్కర్లేదు. 1830 సల్ఫ్యూరిక్ ఆసిడ్, 1824 కాస్టిక్ సోడా ద్రావణం, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్, 1203 పెట్రోలు. క్లోరిన్ గాలికన్నా బరువు, పల్లంలోకి పాకుతుంది. గోతిలో దాక్కోకుండా గాలికి ఎదురుగా, మెరకకు పోవాలి. పేటలో చదువుకున్న పిల్లలు ఈ నంబర్లు గోడ మీద రాసి పెట్టండి. సంఘం మీటింగులో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. డ్రైవరు తమ్ముళ్ళు ఆ కాగితం తెలుగులో అడగండి. ఇవ్వకపోతే మా దగ్గరికి తెండి, రాసిస్తాం.

మా అబ్బాయి మళ్ళీ లోడుకు పోయినప్పుడు సంతకం పక్కనే 'తొడుగులు, కళ్ళద్దాలు, బూట్లు ఇవ్వలేదు' అని తెలుగులో రాశాడు. రెండు గంటలు బండిని గేటు దగ్గరే నిలబెట్టారట. తర్వాత తొడుగులు, కళ్ళద్దాలు వచ్చాయి. బూట్లు ఇంకా రాలేదు.