డెరిక్ రోజ్ మోకాళ్లు: నవ్వులపాలైన ఒక మంచి మాట



రక్తపోటు, మధుమేహం, కీళ్లనొప్పుల గురించి రాసే ఈ వైద్యుడికి అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడితో పనేమిటని మీకు అనిపించవచ్చు. పని ఉంది. 2014 నవంబరులో షికాగో బుల్స్ జట్టు పాయింట్ గార్డ్ డెరిక్ రోజ్ విలేకరుల ఎదుట ఒక మాట అన్నాడు. కొన్ని మ్యాచ్‌లకు తాను దూరంగా ఉంటున్నది ఈ ఒక్క ఏడాది కోసం కాదనీ, ఆట ముగిసిన తరువాత కూడా తనకు జీవితం ఉందనీ, రేపు కొడుకు స్నాతకోత్సవానికి వెళ్లినప్పుడు ఒళ్లంతా నొప్పులతో కూర్చోవడం తనకు ఇష్టం లేదనీ దాని సారాంశం. అప్పటికి ఆ కొడుకు వయసు రెండేళ్లు. ఆ మాటకు అమెరికా క్రీడాలోకం నవ్వింది, కోపగించింది. కోట్ల డాలర్లు తీసుకుంటూ ఈ సుకుమారం ఏమిటని దెప్పిపొడిచింది. నాలుగు దశాబ్దాలకు చేరువగా మోకాళ్లు పట్టుకుని వచ్చే రోగులను చూసిన నాకు మాత్రం, అంత వివేకం గల మాట ఒక క్రీడాకారుడి నోట వినడం అరుదుగా తోస్తుంది.

ఆట తెలియని వారి కోసం రెండు మాటలు. పాయింట్ గార్డ్ జట్టుకు సారథి వంటివాడు. బంతిని ముందుకు నడిపించేదీ, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించేదీ అతడే. రోజ్ అంతటితో ఆగే రకం కాదు. మెరుపులా లోపలికి దూసుకుపోయి, గాలిలోనే దిశ మార్చి బంతిని బుట్టలో వేసేవాడు. షికాగోలోని పేద పేట ఎంగిల్‌వుడ్‌లో పెరిగి, 2008 డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా సొంత ఊరి జట్టుకే ఎంపికయ్యాడు. 2011లో 22 ఏళ్లకే ఎన్‌బీఏ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. అంత చిన్న వయసులో ఆ గౌరవం మరెవరికీ దక్కలేదు. ఆ సీజన్‌లో బుల్స్ 82 మ్యాచ్‌లలో 62 గెలిచింది.

మరుసటి ఏడాది కథ మారింది. యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య వివాదం వల్ల ఆ సీజన్ 66 మ్యాచ్‌లకు కుదించుకుపోయింది. తక్కువ రోజుల్లో ఎక్కువ ఆటలు. కాలివేలు, నడుము, గజ్జ, చీలమండ ఒకదాని తరువాత ఒకటి మొరాయించగా రోజ్ ఆడినవి 39 మాత్రమే. శరీరం అప్పటికే విన్నపాలు పంపుతోందని వైద్యుడి కంటికి తోచక మానదు. 2012 ఏప్రిల్ 28న ఫిలడెల్ఫియాతో ప్లేఆఫ్ తొలి మ్యాచ్. బుల్స్ 12 పాయింట్ల ఆధిక్యంలో ఉంది, ఆట ముగియడానికి నిమిషానికి కాస్త ఎక్కువ మిగిలింది. లోపలికి దూసుకువచ్చి ఒక్కసారిగా ఆగి పైకి లేవబోయే క్షణంలో అతడి ఎడమ మోకాలు పట్టు తప్పింది. ఎవరూ బలంగా ఢీకొన్నది లేదు. గెలిచిన మ్యాచ్‌లో చివరి నిమిషం దాకా అతడిని ఎందుకు ఉంచారన్న వాదన షికాగోలో ఇప్పటికీ నడుస్తుందట; దాని జోలికి నేను పోను.

తెగినది ఏసీఎల్ అనే లిగమెంటు. తొడ ఎముకనూ మోకాలి దిగువ ఎముకనూ లోపలి నుంచి కట్టి ఉంచే బలమైన పట్టీ అది. దిగువ ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలి తిరగకుండా కాపాడుతుంది. ఇది తెగే సందర్భాలలో ఎక్కువ భాగం ఎవరూ తగలకుండా జరిగేవే: పరుగులో హఠాత్తుగా ఆగడం, దిశ మార్చడం, ఎగిరి దిగడం. పూర్తిగా తెగితే చర్మం మీది గాయంలా తనంతట తాను అతుక్కోవడం అరుదు. అందుకే రోగి శరీరం నుంచే ఒక స్నాయువు ముక్క తీసి, ఎముకలలో రంధ్రాలు చేసి, దాని స్థానంలో అమరుస్తారు.

ఇక్కడే ప్రజలకు తెలియని సంగతి ఒకటి ఉంది. అమర్చిన ఆ ముక్క మొదట ప్రాణం లేని తాడు వంటిది. దానిలోకి రక్తనాళాలు పెరగాలి, కణాలు చేరాలి, నెమ్మదిగా అది లిగమెంటుగా మారాలి. శస్త్రచికిత్స అయిన తొలి నెలల్లో అది మరింత బలహీనపడుతుంది కూడా. విచిత్రమేమంటే, రోగికి నొప్పి తగ్గి "నేను బాగున్నాను" అనిపించేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పూర్తిగా పరిపక్వం కావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. తొమ్మిది నెలలలోపు మైదానంలోకి దిగినవారిలో మళ్లీ గాయపడే ముప్పు ఎంతో ఎక్కువని తరువాతి పరిశోధనలు చూపాయి.

2013 మార్చి నాటికి రోజ్ ఆడవచ్చునని వైద్యులు అనుమతించారన్న వార్త పొక్కింది. అతడు ఆడలేదు. ఆ వసంతంలో సహచరుడు జోకిమ్ నోవా అరికాలి నొప్పితో కుంటుతూనే ఆడాడు. మరొకరు, లువోల్ డెంగ్, మెనింజైటిస్ అనుమానంతో వెన్నులో నీరు తీయగా వచ్చిన ఇబ్బందులతో ఆసుపత్రి పాలయ్యాడు. రోజ్ సూటు వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఆ దృశ్యం జనానికి రుచించలేదు. పైగా అతడి ఒప్పందం అయిదేళ్లకు 9 కోట్ల 40 లక్షల డాలర్లకు పైమాటే.

మిత్రులారా, "అనుమతి" అన్న మాటను సరిగా అర్థం చేసుకోవాలి. ఎముక కుదిరింది, వాపు లేదు, పరీక్షలలో బలం సరిపోయింది అని చెప్పడం వైద్యుడి పని. ఆ కాలి మీద పూర్తి బరువు వేసి ఎగరడానికి మనసు ఒప్పుకుందా లేదా అన్నది ఆ కాలు ఎవరిదో వారికే తెలుస్తుంది. భయంతో ఆడేవాడు గాయపడిన కాలిని కాపాడుకుంటూ రెండో కాలి మీద భారం మోపుతాడు. మానసిక సంసిద్ధతను కూడా కొలిచి చూడాలని నేటి క్రీడావైద్యం అంగీకరిస్తోంది.

అయితే ఆగినందువల్ల ఏం ఒరిగింది అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. తిరిగి వచ్చిన పది మ్యాచ్‌లకే, 2013 నవంబరులో పోర్ట్‌లాండ్‌లో అతడి కుడి మోకాలిలో మెనిస్కస్ చిరిగింది. కానీ గమనించండి, అది రెండో కాలు. ఏడాదికి పైగా ఆగి కాపాడుకున్న ఎడమ ఏసీఎల్ ఆ తరువాత అతడి వృత్తిజీవితమంతా నిలిచింది.

మెనిస్కస్ అంటే రెండు ఎముకల నడుమ ఒత్తిడిని పంచే, నెలవంక ఆకారపు మెత్తని దిండు. చిరిగితే రెండు దారులు. చిరిగిన భాగాన్ని కోసి తీసేస్తే కొన్ని వారాలలో ఆడవచ్చు. కుట్టి నిలబెడితే నెలల తరబడి ఆగాలి, రక్తప్రసారం ఉన్న వెలుపలి అంచులో అయితేనే అది చక్కగా అతుకుతుంది. తీసేసిన మోకాలిలో అరుగుదల తొందరగా వస్తుందన్నది 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే వైద్యుడు ఎక్స్‌రేలతో చూపినప్పటి నుంచీ తెలిసిన విషయమే. రోజ్‌కు కుట్టారు, ఆ సీజన్ అంతా పోయింది. 2015 ఫిబ్రవరిలో అదే మెనిస్కస్ మళ్లీ చిరిగినప్పుడు దెబ్బతిన్న భాగాన్ని తీసేశారు. ఆరు వారాలలో తిరిగి వచ్చాడు. ఏ చికిత్స మేలన్నది వారాల లెక్కతో తేలేది కాదు. నలభై ఏళ్లు దాటాక మెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. స్నాతకోత్సవం గురించి అతడు చెప్పింది ఈ లెక్కే.

ఆ తరువాత అతడు మునుపటి రోజ్ కాలేదు. జట్లు మారాడు. 2018 అక్టోబరు 31న మిన్నెసోటా తరఫున యూటాపై 50 పాయింట్లు చేసి, మైదానంలోనే కన్నీళ్లు పెట్టుకున్నాడు. 2024 సెప్టెంబరులో, 36వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, ఆటకు వీడ్కోలు పలికాడు. నాలుగు మోకాలి శస్త్రచికిత్సల తరువాత కూడా అంత కాలం ఆడగలగడం చిన్న విషయమేమీ కాదు.

మన ఊళ్లలో ఏసీఎల్ తెగేది ఎక్కువగా కబడ్డీలో. వాపు తగ్గగానే "బెణుకే కదా" అని పసరు కట్టు కట్టి మళ్లీ బరిలోకి దించుతారు. దెబ్బ తగిలినప్పుడు లోపల "టప్" మన్న శబ్దం వినిపించి, కొద్ది గంటలలో మోకాలు ఉబ్బి, తరువాత నడుస్తుంటే పట్టు తప్పుతున్నట్లు ఉంటే అది బెణుకు కాదని అనుమానించి ఎముకల వైద్యుడికి చూపించండి. ఆడపిల్లలకు ఈ గాయం మగపిల్లల కంటే ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా వంచి దిగడం నేర్పితే ముప్పు చాలా తగ్గుతుంది. ఇక శస్త్రచికిత్స అయిన పిల్లవాడిని వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న "జిల్లా పోటీలకు ఆడగలడా డాక్టరుగారూ?" అని. వాడికి యాభై ఏళ్లు వచ్చేసరికి ఈ మోకాలు ఎలా ఉంటుందని కూడా అడగండి. ఆ జవాబు విన్న తరువాత పోటీల సంగతి పిల్లవాడినే నిర్ణయించుకోనివ్వండి.