పుస్తకం పైకి చదవండి



నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం మీరంతా విన్నదే. 1990ల మొదట్లో ఆ జిల్లా ఆడవాళ్లు సారా కొట్టు మూయించి ఊరుకోలేదు. రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. దానికి పొదుపులక్ష్మి అని పేరొచ్చింది. 1992లో నాబార్డు ఇలాంటి పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని చేపట్టింది. తాకట్టుకు బంగారమూ భూమీ లేనివాళ్లకు బ్యాంకు దేన్ని చూసి అప్పిచ్చింది? మన సంఘం లెక్కల పుస్తకాన్ని చూసి! ఎవరెంత దాచారు, ఎవరెంత తీసుకున్నారు, ఎవరి కిస్తీ ఆగింది, అన్నీ అందులోనే ఉన్నాయి.

మరి ఇప్పుడు దాన్ని చదువుతున్నదెవరు? బుక్ కీపర్ రాస్తుంది, మనం సంతకం గీకి లేచిపోతాం. లెక్క అడిగితే నమ్మకం లేదనుకుంటుందేమోనని మొహమాటం. ఈ మొహమాటం నాకూ ఉండేది లెండి. దానికి మనం చాలా మూల్యం చెల్లించాం.

2010 గుర్తుందా? మైక్రోఫైనాన్స్ వాళ్లు వారం వారం గుమ్మంలో కూర్చుంటే, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసి, దారి కనపడక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ అక్టోబరులో ఈ వసూళ్లను కట్టడి చేస్తూ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అప్పటికే ఎన్నో ఇళ్లు చితికిపోయాయి. అలా చితికిపోయినవాళ్లలో మన సంఘాల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు. పక్కన కూర్చున్న మనిషి మునిగిపోతుంటే మనం కిస్తీ లెక్క మాత్రమే చూశాం. ఇవాళ అప్పిచ్చేవాడు గుమ్మం దాకా రానక్కర్లేదు, ఫోనులో లోన్ యాప్ చాలు.

2014లో జన్‌ధన్ పథకం వచ్చాక చాలా ఇళ్లకు బ్యాంకు ఖాతా దక్కింది. మంచిదే. అయితే ఆ ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా ఉంది కదా, ఆ 20 ఖాతాలో లేక బీమా ఆగిపోయిందేమో ఎవరైనా చూశామా? నామినీగా ఎవరి పేరుందో అడిగామా?

ఈసారి సమావేశంలో పుస్తకం పైకి చదివించండి. చదువురాని అక్క తన లెక్క తన నోటితో చెప్పేదాకా ఓపిక పట్టండి. బయట అప్పులున్నాయా అని ఒక్కొక్కరినీ అడగండి, నిలదీసినట్టు కాదు, అన్నం తిన్నావా అని అడిగినట్టు. ఫోనులో మోసపోయి డబ్బు పోయిందంటే నవ్వకండి, అప్పటికప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

ఇంకొక్క మాట. పొదుపు కట్టలేదని మనం పక్కన పెట్టిన ఒంటరి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. సమావేశానికి వచ్చేటప్పుడు దారిలో ఆమె తలుపు తట్టి, వెంటబెట్టుకు రండి.