గాలి ఫ్యాన్‌కి కూడా బిల్లు ఉంటుంది

మన మినీ ప్రాజెక్టుల్లో ఎప్పుడు చూసినా ఒక ‘సెల్ఫ్ ఛార్జింగ్’ బండి ఉంటుంది. ముందు ఫ్యాను, వెనక డైనమో, అక్కడి నుంచి బ్యాటరీకి వైరు. బండి పోతుంటే ఫ్యాను తిరుగుతుంది, బ్యాటరీ నిండుతుంది, ఇంక ప్లగ్ పెట్టే పనే లేదంటారు. అందరూ చప్పట్లు కొడతారు. ఎవరైనా డౌట్ అడిగితే "విమానాలకే పెడతారు కదరా" అని ఒకటే జవాబు.

పెడతారు, నిజమే. ఎందుకు పెడతారో మాత్రం ఎవరూ చెప్పరు.

పైపర్ జె-3 కబ్ అని ఒక పాత చిన్న విమానం ఉంది. రెండు సీట్లు, చాలావాటికి 65 హార్స్‌పవర్ ఇంజిన్. స్టార్టర్ ఉండదు, ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి స్టార్ట్ చేయాలి. స్పార్క్ మాగ్నెటో ఇస్తుంది కాబట్టి ఎగరడానికి బ్యాటరీతో పనే లేదు. తర్వాత రేడియో, లైట్లు కావాలనుకున్నవాళ్లు కొందరు బయట గాలి తగిలే చోట చిన్న ఫ్యాను జెనరేటర్ బిగించుకున్నారు. ఇంజిన్‌ని ముట్టుకోనక్కర్లేదు. నాకైతే మస్తు నచ్చిన ఐడియా.

ఇప్పుడు లెక్క. గాలిలో ఉండే పవర్ వేగానికి ఘనంలో పెరుగుతుంది. నస్రుల్లాబాద్‌లో డాబా మీద సాయంత్రం గాలి సెకనుకి 5 మీటర్లు అనుకుందాం. చదరపు మీటరుకి దాదాపు 75 వాట్లు. కబ్ గంటకి 120 కిలోమీటర్లతో, అంటే సెకనుకి 33 మీటర్లతో పోతుంది. అక్కడ అదే చదరపు మీటరుకి 22 వేల వాట్లు! అందుకే జానెడు ఫ్యాను సరిపోతుంది.

కానీ ఆ గాలిని పుట్టించేది ఇంజినే. 60 వాట్ల కరెంటు కావాలంటే, ఫ్యాను నష్టం, జెనరేటర్ నష్టం, ప్రొపెల్లర్ నష్టం అన్నీ కలిపి ఇంజిన్ మీద సుమారు 250 వాట్ల భారం పడుతుందని నా అంచనా. 65 హార్స్‌పవర్ అంటే 48 వేల వాట్లు. ఒక శాతం కూడా కాదు, పైలట్‌కి తెలియనే తెలియదు. అతను పెట్రోల్ ఇచ్చి కరెంటు కొనుక్కుంటున్నాడు, అంతే. మన బండి మాత్రం బ్యాటరీలోంచి 250 తీసి అదే బ్యాటరీలో 60 వేస్తోంది. పాత సైకిల్‌కి డైనమో ఆనించగానే పెడల్ బరువెక్కేది కదా, అదే కథ.

పెద్ద విమానాల్లో దీన్ని రాట్ అంటారు. మామూలుగా లోపల మడిచి ఉంటుంది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా 767 గాలిలో ఉండగానే ఇంధనం అయిపోయి రెండు ఇంజిన్లూ ఆగిపోతే, కంట్రోల్స్‌కి హైడ్రాలిక్ పవర్ ఇచ్చింది ఆ ఫ్యానే. అక్కడ బిల్లు కట్టింది విమానం ఎత్తు. కిందికి జారుతూ ఆ ఎత్తునే ఖర్చుపెట్టింది. దిగేటప్పుడు వేగం తగ్గితే ఫ్యాను పవర్ కూడా తగ్గింది. వేగం సగమైతే పవర్ ఎనిమిదో వంతే మరి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిర్ ఇండియా 787లో కూడా రాట్ బయటికొచ్చినట్టు ప్రాథమిక నివేదికలో ఉంది. కానీ రాట్ విమానాన్ని ముందుకు తోయదు. అది ఎత్తు ఉన్నవాడికే పనికొచ్చే సాయం.

ఈరోజు కబ్ ఉన్నవాడు అడిగితే, మూడు గంటల ఫ్లైట్‌కి నేను ఫ్యాను వద్దనే అంటాను. 60 వాట్లు మూడు గంటలు అంటే 180 వాట్-అవర్లు, రెండు కిలోల లిథియం బ్యాటరీ చాలు. నేల మీద ఆగి ఉన్నప్పుడు ఫ్యాను ఎలాగూ కరెంటు ఇవ్వదు, బ్యాటరీ తప్పదు. రోజుల తరబడి ఊరూరా దిగుతూ, ఛార్జింగ్ దొరకని చోట్ల తిరిగేవాడికైతే ఫ్యానే కరెక్ట్.

ఇక ప్రాజెక్టు టీములకి నాది ఒకటే రిక్వెస్ట్. అదే రోడ్డు మీద, అదే స్పీడ్‌లో, ఫ్యానుతో ఒకసారి, ఫ్యాను విప్పేసి ఒకసారి బండి నడపండి. బ్యాటరీ ఎంత ఖర్చయిందో రెండు రీడింగులూ పోస్టర్ మీద పక్కపక్కన వేయండి. పది రూపాయల ప్రింటవుట్ పని.