ఒక్క యాజ్ఞ, లక్ష పెట్టెలు

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2015లో ఫైబర్‌నెట్ సంస్థను నెలకొల్పి, విద్యుత్ స్తంభముల మీదుగా గాజుతీగను సాగించినది. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ కోవిందుగారు దానికి ప్రారంభోత్సవము గావించిరి. నెలకు 149 రూపాయలకే టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు నొసగుట నాటి వాగ్దానము. తీగను ఇంటిలోనికి తెచ్చు పని స్థానిక కేబులు ఆపరేటరులది.

ఇట్టి యేర్పాటులలో ఇంటింట నుంచు పెట్టెలు లక్షలకొలది యగును. వానినొక్కొక్కటిగా మనుష్యుడు సరిచేయుట సాధ్యము గాదు. కావున తీగ తగిలించి మీట నొక్కినతోడనే పెట్టె తన క్రమసంఖ్యను కేంద్రమునకు తెలుపుకొనును. కేంద్రయంత్రము దానిని పట్టికతో పోల్చి, వేగమును, హక్కులను, నియమములను పంపును. ఇందులకై టీఆర్-069 యను నియమావళి 2004లోనే వెలువడినది. దీనివలన శ్రమయు, వ్యయమును, కాలమును కలిసివచ్చుట నిస్సంశయము. మేమీ విధానమునకు విరోధులము గాము.

అయితే లక్ష పెట్టెలను ఒక్కసారి దిద్దగల చేయి, లక్ష పెట్టెలను ఒక్కసారి చెరుపనుగలదు. 2016 నవంబరులో దుండగులు దూరనిర్వహణకై తెరచియుంచిన ద్వారమును తట్టగా, జర్మనీలో డాయిష్ టెలికామ్ వారి ఖాతాదారులు సుమారు 9 లక్షల మంది కష్టములపాలైరి. 2022 జులై 8వ తేదీన కెనడాలో రోజర్స్ సంస్థవారు అమరికలో చేసిన యొక్క పొరపాటువలన కోటి ఇరువది లక్షలకు పైగా ఖాతాదారులకు సేవలు నిలిచిపోయినవి. సంస్థ సిబ్బందియే తమ యంత్రములను చేరజాలకపోయిరి. ఏలయన, నిర్వహణమార్గమును చెడిన మార్గముపైననే యాధారపడియుండెను.

ధర్మవరపు పట్టునేతగాని బేరము, హిందూపురపు మండీ వర్తకుని చెల్లింపు, పెనుకొండ విద్యార్థి దరఖాస్తు నేడు తీగపై నాధారపడియున్నవి. అట్టి తీగ యొక దినము మూగవోయిన నష్టపడువారు వీరే. ఇంటి గుమ్మమున నిలిచి మాటపడువాడు ఆపరేటరు.

కావున మా కోర్కెలు ఐదు. క్రొత్త యమరికను ముందొక పట్టణమున పరీక్షించి, పిదపనే తక్కిన పట్టణములకు పంపవలెను. అది విఫలమైనచో పెట్టె తనంతట తానే పూర్వపు టమరికకు మరలవలెను. కేంద్రమును పెట్టెయు పరస్పరము గుర్తించినగాని యే యాజ్ఞయు చెల్లరాదు. నిర్వహణకు వేరుమార్గ ముండవలెను. స్థానిక ఆపరేటరునకు తెలుగున శిక్షణయు, చెడినదానిని నిలబెట్టు పరిమితాధికారము నీయవలెను.

అధికారము కేంద్రమున నుండవచ్చును. జవాబుదారీతనము మాత్రము ప్రజల వాకిటనే యుండవలెను.