కొత్త సిస్టమ్ తెచ్చారా? మొదటి జాబ్ ఎక్కించకముందే బ్యాకప్ డ్రైవు తెచ్చుకోండి!

బెజవాడ డీటీపీ సెంటర్లు, ఫోటో స్టూడియోలు, నెట్ సెంటర్లు నడుపుకుంటున్న మిత్రులకు విజ్ఞప్తి



2024 సెప్టెంబరు 1న బుడమేరు మన మీద పడిన రోజు ఎవరం మరిచిపోలేదు. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో రోజుల తరబడి నీళ్ళు కదల్లేదు. బల్ల కింద పెట్టిన సీపీయూలు బురదలో నానిపోయాయి. మెషీన్ పోతే అప్పో సప్పో చేసి ఇంకోటి కొంటాం. కానీ కస్టమర్ వచ్చి "అన్నా, మా నాన్న షష్టిపూర్తి ఫోటోలు మీ దగ్గరున్నాయి కదా, ఆయన పోయారు, ఇంకోసారి ప్రింటు తియ్యి" అంటే ఏం చెబుతాం? ఆ ఫోటోలు ఏ షాపులోనూ అమ్మరు.

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆపేసింది. పాత సిస్టమ్‌లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అందుకే వీధి వీధినా కొత్త మెషీన్లు దిగుతున్నాయి. కొత్తది కదా, ఇప్పట్లో పోదులే అన్న ధీమా వద్దు. కొత్త మెషీన్లలో ఉండేది ఎక్కువగా ఎస్‌ఎస్‌డీ. పాత హార్డ్ డిస్కు పోయే ముందు చాలాసార్లు టకటకమని చప్పుడు చేసేది, మనం జాగ్రత్తపడేవాళ్ళం. ఎస్‌ఎస్‌డీ నిన్న రాత్రి దాకా పనిచేసి పొద్దున్నే కనపడకుండా పోగలదు. పొరపాటున డిలీట్ చేసిన ఫైలు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో దొరుకుతుందన్న ఆశ కూడా దాని మీద పెట్టుకోకండి. ఖాళీ చేసిన చోటును అది లోలోపలే తుడిచేస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మెషీన్‌లో చోటు చాలక పాత పెళ్ళిళ్ళ ఫోల్డర్లు తీసి ఎక్స్‌టర్నల్ డ్రైవులో పడేసి, మెషీన్‌లోంచి చెరిపేస్తున్నాం. అది బ్యాకప్ కాదు! అప్పటికి కూడా ఆ ఫోటోలు ఒక్కచోటే ఉన్నాయి. ఆ డ్రైవు చేతిలోంచి జారి కింద పడితే అంతే సంగతులు. రెండు చోట్ల ఉంటేనే బ్యాకప్. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒక కాపీ వేరే ఊళ్ళోనో వేరే ఇంట్లోనో ఉండాలన్న 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది కూడా కెమెరా పట్టుకున్న మనిషే, అమెరికా ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్.

మెషీన్ స్టోరేజీకి రెట్టింపు సైజు డ్రైవు తీసుకోండి. విండోస్‌లో ఫైల్ హిస్టరీ ఆన్ చేస్తే, డ్రైవు తగిలించి ఉన్నంతసేపూ గంటకోసారి మారిన ఫైళ్ళను కాపీ చేస్తుంది. కానీ అది చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే. మనం పనంతా పెట్టుకునేది డీ డ్రైవులో! దాన్ని తనంతట తాను పట్టించుకోదు. ఆ ఫోల్డర్లను లైబ్రరీలో చేర్చండి, లేదా వారం వారం చేత్తో కాపీ చేయండి. పేజ్‌మేకర్ ఫైళ్ళు దాచి అను ఫాంట్లు దాచకపోతే రేపు తెరిచినప్పుడు తెలుగు కనపడదు, పిచ్చిగీతలు కనపడతాయి. ఫాంట్లు, సాఫ్ట్‌వేర్ సెటప్‌లు, లైసెన్సు నంబర్లు కూడా డ్రైవులోకి ఎక్కాలి.

మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయిన కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు దానంతటదే లాక్ అయి ఉంటుంది. రిపేరులో బోర్డు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మన డిస్కు మనకే తెరుచుకోదు. ఈరోజే ఆ కీ కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టండి.

కాపీ అయ్యాక డ్రైవు ఊడదీయండి! 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది, మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లను కూడా వదల్లేదు. అలాంటిది వచ్చినప్పుడు తగిలించి ఉన్న డ్రైవుకు కూడా తాళం పడుతుంది. డ్రైవుకు బదులు గూగుల్‌ను నమ్ముకుందామంటే, అది ఇచ్చే ఉచిత చోటు 15 జీబీ, ఒక్క పెళ్ళి వీడియోకే చాలదు. పైగా సింక్‌లో ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది.

మా ప్రతిపాదన ఇది. సింగ్ నగర్ షాపు వాళ్ళు మూడో కాపీకి ఇంకో డ్రైవు తీసుకుని పటమటలో ఉన్న మిత్రుడి దగ్గర పెట్టండి, ఆయనది మీరు దాచండి. పక్క షాపుతో మార్చుకుంటే లాభం లేదు, ఒకే నీళ్ళు రెండింటినీ ముంచుతాయి. కస్టమర్ల ఇంటి ఫోటోలు, ఆధార్ కాగితాలు అందులో ఉంటాయి కాబట్టి డ్రైవుకు పాస్‌వర్డ్ తప్పనిసరి. విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్‌తో పెట్టుకోవచ్చు.

ఈ ఆదివారం కొత్త పని పట్టకండి. మొదటి కాపీకి గంటలు పడుతుంది, పట్టనివ్వండి. అయ్యాక డ్రైవును వేరే మెషీన్‌కు తగిలించి, ఒక పాత పెళ్ళి ఫోల్డరు, ఒక శుభలేఖ ఫైలు తెరిచి చూడండి. తెరుచుకోకపోతే బ్యాకప్ జరగలేదన్నమాట, మళ్ళీ మొదలుపెట్టండి. చేతకానివాళ్ళు మొహమాటపడకుండా అడగండి. పని వచ్చినవాళ్ళు పైసా అడగకుండా దగ్గరుండి చేయించండి.

చదివాక ఈ కాగితం పక్క షాపుకు ఇవ్వండి.

ఇట్లు,
మీ తోటి డీటీపీ ఆపరేటర్లు, ఫోటోగ్రాఫర్లు
విజయవాడ