హెరాల్డ్‌కి ఓమ్ని ఇంజన్ వద్దు

శ్రీనివాసపురం తోటలో, మామిడి బుట్టలు పెట్టే షెడ్డులో ఉండే స్టాండర్డ్ హెరాల్డ్ గురించి పోయిన సంక్రాంతి నుంచి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో రెండు పక్షాలు నడుస్తా ఉన్నాయి. బెంగళూరులో ఉండే చిన్నాయన పిల్లలు పాత ఇంజన్ తీసేసి మారుతి ఓమ్ని ఇంజన్ పెట్టిద్దామంటారు. తాళం తిప్పితే స్టార్ట్ కావాలి, పెళ్లిళ్లకి పనికి రావాలి. అమెరికాలో ఉండే అత్తా వాళ్లు వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించి, పాలిష్ కొట్టి ప్రదర్శనలకి పెడదామంటారు. మాకు రెండూ సమ్మతం కాదు. గ్రూపులో ఇంత పొడుగు రాస్తే ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాము.

ముందు ఆ ఇంజన్ ఏందో చెప్పాలి. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961లో హెరాల్డ్ తెచ్చింది. ఇంజన్ 948 సీసీ, నాలుగు సిలిండర్లు. బ్రిటన్‌లో ట్రయంఫ్ వాళ్లు 1962లో ఇదే హెరాల్డ్ ఛాసీని పొట్టి చేసి, ఇదే వంశం ఇంజన్‌ని 1147 సీసీకి పెంచి స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేసినారు. రెండింటికీ రూపం దిద్దింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలోట్టి. అంటే మన షెడ్డులో ఉండేది స్పోర్ట్స్ కారు కాకపోయినా దానికి సొంత అన్న. బానెట్టు ముందు రెక్కలతో సహా మొత్తం ముందుకి లేస్తుంది. టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఇంట్లో వాళ్లే చూసుకోవడానికి ఇంతకంటే సులభమైన కారు మాకు తెలీదు.

ఓమ్ని మాట ఎందుకు వచ్చిందో మాకు అర్థం అవుతుంది. మారుతి 800లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, ఓమ్నిలో నిలువుగా ఉండి వెనక చక్రాల్ని తిప్పుతుంది. కాబట్టి హెరాల్డ్‌లో కూర్చోబెట్టడం లేత్ అంగట్లో వాళ్లకి పెద్ద కష్టం కాదు. మన పక్క అంబాసడర్లకి, ఫియట్‌లకి డీజిల్ ఇంజన్లు పెట్టి ఎన్నేళ్లు తోలలేదు? అయితే ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి లేకుండా మార్చడానికి లేదు. ఇంకోటి, 2021లో వచ్చిన వింటేజ్ నియమం ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికే ఆ గుర్తింపు. ఓమ్ని ఇంజన్ పెట్టిన రోజే అత్తా వాళ్ల దారి కూడా మూసుకుపోతుంది.

అత్తా వాళ్ల దారిలో ఇబ్బంది వేరే. వింటేజ్ నంబరుకి 20,000 రూపాయలు కట్టినాక ఆ కారుని ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోడ్డు మీద మామూలుగా తిప్పకూడదు. మనం చింతామణికి, కోలారుకి పోయి రావాలంటే మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022లో 600 నుంచి 5,000 అయింది, 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేసినారు. ఎక్కువే. అయినా ఆ దుడ్లు కట్టడమే మేలంటాము. నిలబెట్టిన ఇంజన్ తిరిగే ఇంజన్ కంటే త్వరగా చెడుతుంది. సిలిండర్ గోడలు తుప్పు పడతాయి, రింగులు అంటుకుంటాయి, కార్బొరేటర్లో పెట్రోలు జిగురవుతుంది.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది చెడిందో తేలకుండా ఏదీ మార్చకూడదని మా పనిలో మొదటి పాఠం. రాబర్ట్‌సన్‌పేటలో లేత్ పెట్టుకున్న పెద్దాయన కూడా అదే అంటాడు. కోలారు బంగారు గనుల వర్క్‌షాపులో పని నేర్చుకుని, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాక సొంతంగా దిగినాడు. ఇంట్లో అరవం, మాతో తెలుగు, కొలతలు మాత్రం ఇంగ్లీషు అంగుళాల్లో. "ముందు గేజి పెట్టి చూడప్పా, స్పానరు తర్వాత" అన్నాడు.

పెట్టి చూస్తే మూడు సిలిండర్లలో కంప్రెషన్ 125 పైన ఉంది, మూడోదాంట్లో 90. దాంట్లో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూస్తే 120 దాకా ఎక్కింది. ఆయిలు పోస్తే ఎక్కిందంటే లీకు పిస్టన్ రింగుల దగ్గర. ఎక్కకపోయి ఉంటే వాల్వులో గాస్కెట్టో. అంటే "ఇంజన్ పోయింది" అని గ్రూపులో అన్నమాట నిజం కాదు. ఒక బోరు అరిగింది. నాలుగూ రీబోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే సరి.

అసలు భయపడాల్సింది వేరే చోట. ఈ వంశం ఇంజన్లకి పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటి ఉంది. క్రాంకు ముందుకీ వెనక్కీ జరగకుండా చివరి మెయిన్ బేరింగ్ దగ్గర అర్ధచంద్రాకారంలో రెండు థ్రస్ట్ వాషర్లు ఉంటాయి. క్లచ్ తొక్కినప్పుడల్లా క్రాంకు ఒత్తిడి వాటి మీదే పడుతుంది. బాగా అరిగితే జారి ఆయిల్ సంపులో పడిపోతాయి, ఆ తర్వాత క్రాంకు బ్లాకునే కోసేస్తుంది. అప్పుడు నిజంగానే ఇంజన్ పోయినట్టు. చూసుకోవడం చాలా సులభం. ఒకరు లోపల కూర్చుని క్లచ్ తొక్కాలి, ఇంకొకరు ముందర పుల్లీ కదులుతుందేమో చూడాలి. కంటికి తెలిసేంత కదిలితే డయల్ గేజి పెట్టాలి. అంగుళంలో వెయ్యింట నాలుగు నుంచి ఎనిమిది భాగాల దాకా ఉండొచ్చు. మనదానిది పన్నెండు. బెంగళూరు సిగ్నళ్ల దగ్గర క్లచ్ తొక్కిపెట్టి నిలబడే అలవాటు ఉన్న వాళ్లకి ఈ కారు ఇవ్వొద్దని మేము అనేది ఇందుకే, వేరే కోపం ఏమీ లేదు.

పెట్రోలు మాట కూడా వచ్చింది. 2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పాత హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వు సీటు మెత్తటి పోత ఇనుము, సీసం కాపాడినంత కాలం నిలిచింది. హెడ్డు ఎట్లాగూ దించుతాం కాబట్టి గట్టి సీట్లు కొట్టించేద్దాం. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసింది. పాత రబ్బరు ట్యూబులు, పెట్రోలు పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. వాటిని కొత్త రకంవి వేయాలి. ఇట్లాంటి మార్పులకి మేము అడ్డం కాదు. ఇంజన్ బతకడానికి చేసే మార్పు వేరు, ఇంజన్నే తీసి పారేయడం వేరు.

మా చదువు కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఇరవై దాటినాక నేర్చుకున్నాము, ఇప్పటికీ ఒత్తులు తడబడతాయి. ఇంట్లో రోజూ మాట్లాడినందుకే భాష నిలిచింది గాని, బీరువాలో ఉన్న పుస్తకాల వల్ల కాదు. తాత ఈ కారుకి డైరీ రాసేవాడు, కన్నడ లిపిలో తెలుగు మాటలు: ఆయిలు ఎప్పుడు మార్చింది, ట్యాపెట్ గ్యాపు ఎంత పెట్టింది. అమెరికాలో పిల్లలకి ఆ డైరీ ఫోటో తీసి పంపొచ్చు. గ్యాపు పది థౌ అంటే ఫీలర్ గేజి చేతిలో ఎట్లా బిగువుగా జారాలో మాత్రం ఫోటోలో తెలీదు. పెద్దాయనకి డెబ్బై దాటింది. ఆయన ఉండంగానే ఇంట్లో ఇద్దరైనా పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఓమ్ని ఇంజన్ పెడితే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు, ఏ మెకానిక్ అయినా చూస్తాడు.

ఖర్చు లెక్క గ్రూపులో విడిగా పెడతాము. థ్రస్ట్ వాషర్లు ఇంగ్లండులో ఇంకా చేస్తున్నారు, ఓవర్‌సైజ్‌వి తెప్పించాలి. కాయ దిగి మండీ పని అయిపోయినాక, జులైలో ఇంజన్ దించుదామని పెద్దాయనతో అనుకున్నాము. చిన్నాయన పిల్లల్లో ఒకరైనా ఆ వారం సెలవు పెట్టి రావాలి. క్లచ్ తొక్కడానికి మనిషి కావాలి.